నలభై మంది మామూలు మనుషులు

పది నిమిషాలే ఆపుతామని కండక్టరు అన్నాక పలమనేరు బస్టాండులో ఇప్పటికి పావుగంట దాటింది, డ్రైవరు మాత్రం ఇంకా టీ గ్లాసు వదల్లేదు. వదలకపోయినా నిలోఫర్‌కు తొందరేం లేదు. తొమ్మిదిన్నర కావస్తోంది, మదనపల్లెలో ఇంటర్వ్యూ పన్నెండింటికి. కుప్పంలో పొద్దున్నే ఎక్కితే కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో నీలం ఫైలు, ఫైలు మీద చేతిసంచి, సంచిలో భర్త అఫ్రోజ్ కట్టిచ్చిన రెండు చపాతీలు, వాటి పక్కన ఫోను. ఆ ఫోనులో రాసి పంపకుండా ఉంచిన ఉత్తరం ఒకటుంది. మూడు రోజులుగా ఉంది. పంపడానికి ఒక్క వేలు కదిపితే చాలు. పంపితే, పదిహేడేళ్ల పరిశోధనలో తనకంటూ మిగిలిన ఒకే ఒక్క పెద్ద పేపరు తప్పని తన నోటితోనే ఒప్పుకున్నట్టు. ఇవాళ ఇంటర్వ్యూలో కూర్చునే నలుగురు పెద్దమనుషులు ఆ పేపరును చూసే పిలిచారు. పంపకపోతే ఏమీ కాదు. అదే కదా చిక్కు, పంపకపోతే ఈ పూటకు ఏమీ కాదు. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు. బస్సు ఎటూ మదనపల్లె చేరుతుంది, సాయంత్రానికి తను ఆ కొత్త పరిశోధన కేంద్రంలో ల్యాబుకు పెద్ద అయినా అవుతుంది. బస్సు కదిలింది.

ఫైలు తెరవకుండానే మొదటి పేజీ కళ్లకు కడుతుంది. పేరు, పుట్టిన ఊరు పుంగనూరు, శాఖ ఇమ్యునాలజీ. ఇమ్యునాలజీ అంటే ఏమిటని బంధువుల్లో ఎవరైనా అడిగితే ఒళ్లు తనను తాను ఎట్లా కాపాడుకుంటుందో చూసే చదువు అని చెప్పేది, అంత పెద్ద చదువు చదివి జలుబుకు మందెందుకు రాయవని వాళ్లు మళ్లీ అడిగేవాళ్లు. అచ్చయిన పేపర్లు ఇరవై మూడు. వాటిని ఇతరులు తమ పేపర్లలో పేరు పెట్టి ప్రస్తావించినవి, అంటే సైటేషన్లు, ఆరు వందల పదకొండు. ఆరు వందల పదకొండని గొప్పగా ఉంది కానీ, విడదీసి చూస్తే నాలుగు వందల ముప్పై ఎనిమిది ఒక్క పేపరువే, మిగిలిన ఇరవై రెండు పేపర్లూ కలిసి నూటా డెబ్భై మూడు తెచ్చుకున్నాయి. ఇంట్లో ఒకడు సంపాదిస్తే పదిమంది తిన్నట్టు. ఈ కాలంలో మనిషిని ముఖం చూసి కొలవరు, ఆ అంకె చూసి కొలుస్తారు. తనేం తక్కువ తిందా, శనివారం పొద్దున లేవగానే పళ్లయినా తోముకోకుండా ఫోను తీసి, మదనపల్లె యార్డులో టమోటా ధర చూసుకునే రైతులాగా ఆ అంకె చూసుకునేది. ఒకటి పెరిగితే ఆ రోజు దోసె బాగా వచ్చేది. పెరగకపోతే అఫ్రోజ్ మీద చిరాకు పడేది. అతను కుప్పంలో హైస్కూలు లెక్కల మాస్టరు, లెక్కల పిచ్చి ఎవరికుందో తెలియడం లేదు అని నవ్వేవాడు.

ఇంటర్వ్యూ కాగితంలో స్పష్టంగా రాశారు. మీ అత్యుత్తమ పరిశోధన గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలి. రాత్రే తయారు చేసుకుంది, ఇప్పుడు మనసులో వల్లెవేస్తోంది. గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. పట్టుగూళ్లను వేడినీళ్లలో ఉడికించి దారం తీసేటప్పుడు లేచే ఆవిరిలోనూ నుసిలోనూ ఉండే పదార్థం కొందరి ఒంటికి పడదు, వాళ్ల రక్తంలో దానికి ఎదురుగా ఒక యాంటీబాడీ పెరుగుతుంది, అది పెరిగినవాళ్లకు ఆయాసం వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల రీలింగు పనిచేసే నూటా పన్నెండు మంది రక్తం మేము పరీక్షించాం. పోలిక కోసం, పట్టు పని ఎన్నడూ ఎరగని నలభై మంది మామూలు మనుషుల రక్తం కూడా... ఇక్కడికి వచ్చేసరికి మాట ఆగిపోతోంది. గొంతు కాదు, మనసులో చెప్పుకునే మాటే ఆగిపోతోంది. మళ్లీ గౌరవనీయులైన సభ్యుల దగ్గర మొదలుపెట్టింది.

పక్కసీటు పెద్దాయన చాలాసేపటి నుంచి ఆమె పెదాల కదలిక చూస్తున్నాడు. జపం అనుకున్నట్టున్నాడు, మధ్యలో పలకరించకూడదని ఆగాడు. రామప్ప అట పేరు, బైరెడ్డిపల్లె దగ్గర ఊరు, పుంగనూరులో ఎవరి దగ్గరో పొట్టి ఆవు అమ్మకానికి ఉందంటే చూడటానికి పోతున్నాడు.

"పరీక్ష రాయను పోతాండావా అమ్మా?" అన్నాడు చివరికి ఉండబట్టలేక.

"పరీక్షే అనుకో పెద్దాయనా. ఉద్యోగానికి పిలిచినారు. నేను రాసిండే పేపరు గురించి చెప్పల్ల."

"పేపరంటే న్యూసు పేపరా?"

"కాదు, సైన్సుది. రక్తం మీద."

"ఎవురన్నా సదువుతారా అయి?"

"నాలుగొందల ముప్పై ఎనిమిది మంది చదివి వాళ్ల పేపర్లలో రాసుకున్నారు."

"అబ్బో! మా మనవరాలి పెండ్లికి ఆ మాత్రం రాలేదు," అన్నాడు రామప్ప మనస్ఫూర్తిగా, "అట్లయితే నీకేం భయం లేదు పో, అంతమంది సెప్పినాక ఎవుడు కాదంటాడు," అని కండువా ముఖం మీద వేసుకుని వెనక్కి వాలాడు.

ఎవుడు కాదంటాడు. నిజమే. ఎవరూ కాదనలేదు ఎనిమిదేళ్లుగా. జపానులో ఎవరో, బ్రెజిల్లో ఎవరో, మైసూరులో ఎవరో, ఒకరు రాశారని ఇంకొకరు, ఆ ఇంకొకరు రాశారని మరొకరు. గొర్రెదాటు అంటే ఇదే కదా. వాళ్లకు నచ్చింది కూడా ఆ నలభై మందే. పట్టు ముట్టని మనుషుల రక్తంలోనూ ఆ యాంటీబాడీ బాగానే ఉంది, కాబట్టి ఈ సీమలో అది మామూలే, ఆ మామూలు కంటే పైన ఉన్నవాళ్లకే జబ్బు ఉన్నట్టు అని తాను రాసింది. ఎనభై అని ఒక గీత గీసింది. ఎనభై దాటితే రోగం, దాటకపోతే లేదు. ఇంత కొత్త సంగతి ఒక చిన్న ఊరి ల్యాబు నుంచి వచ్చిందని అందరూ ముచ్చటపడ్డారు. ఇప్పుడు ఆ గీత ఒక కంపెనీ పరీక్ష పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద కూడా ఎక్కింది, కింద చిన్న అక్షరాల్లో తన పేరుతో సహా. ఆ కాగితాన్ని అమ్మీకి చూపిస్తే అమ్మీ అక్షరాలు రాకపోయినా దాన్ని చాలాసేపు చేత్తో తడిమింది. ఆ రోజు ఎంత సంతోషపడింది తను. అంత సంతోషం పెళ్లినాడు కూడా లేదంటే అఫ్రోజ్ ఏమీ అనుకోడు, అతనికి తెలుసు.

ఆదిలక్ష్మమ్మ రాకపోతే ఆ సంతోషం అట్లాగే ఉండిపోయేది. పోయిన నెల, సోమవారం, ల్యాబు తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మెట్లెక్కి వచ్చినందుకు మాట రావడం లేదు. నలభై అయిదేళ్లు ఉంటాయేమో, అరవైలా ఉంది. శాంతిపురం పక్కన రీలింగు యూనిట్లో పనిచేస్తుంది, నూటా పన్నెండు మందిలో ఒకతె. నిలోఫర్ గుర్తుపట్టలేదు. ఆమె మాత్రం కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఎనిమిదేళ్ల కిందటి రిపోర్టు, అరవై ఒకటి అని అంకె, పక్కన నార్మల్ అని నిలోఫర్ చేతిరాత. "నువ్వే కదమ్మా రాసిచ్చింది నాకేం లేదని," అంది ఆదిలక్ష్మమ్మ, నిష్ఠూరంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. "ఏమీ లేకపోతే ఈ దమ్ము యాల వస్తాండాదో ఒగసారి మళ్లా సూడమ్మా." డాక్టర్లు చూశారు. ఊపిరితిత్తులు సగం పోయాయన్నారు. ముందే పని మాని ఉంటే ఇంత అయ్యేది కాదు అని కూడా అన్నారు, వాళ్లు ఆ మాట ఆదిలక్ష్మమ్మతో కాదు, నిలోఫర్‌తో అన్నారు.

ఆ సాయంత్రం పాత రిజిస్టరు దుమ్ము దులిపి తీసింది. రోగుల పేజీలు కాదు, ఆ నలభై మంది పేజీలు. పద్నాలుగు మంది కుప్పంలో తమ కాలేజీ గుమాస్తాలు, డ్రైవర్లు. వాళ్ల అంకెలు పది, పన్నెండు, పదిహేను. తక్కిన ఇరవై ఆరూ పుంగనూరువి, అరవై, డెబ్భై, యాభై. అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు, ఎందుకంటే ఆ ఇరవై ఆరు మంది తనవాళ్లు. ల్యాబుల్లో ఒక అలవాటుంది, మామూలు మనిషి రక్తం కావాలంటే ముందు తమ చెయ్యే చాపుతారు, తర్వాత ఇంట్లోవాళ్లది, తర్వాత ఇరుగుపొరుగుది. అందరూ అట్లాగే చేస్తారు. మొదటి నంబరు నిలోఫర్ తానే. మూడో నంబరు ఫాతిమున్నీసా, అమ్మీ. మిగిలినవాళ్లు ఆ వీధి ఆడవాళ్లు, రక్తం ఇచ్చినవాళ్లకు అమ్మీ బిర్యానీ వండిపెట్టింది. నవ్వులే నవ్వులు ఆ రోజు. ప్రతి ఒక్కరినీ తను పద్ధతిగా అడిగింది, ఫారంలో ఉన్నది ఉన్నట్టు, పట్టు పని ఎప్పుడైనా చేశారా అని. ప్రతి ఒక్కరూ లేదన్నారు. వృత్తి అన్నచోట గృహిణి, గృహిణి, గృహిణి అని ఇరవై అయిదు సార్లు తన చేత్తో రాసింది.

పోయిన శుక్రవారం మళ్లీ పోయి అడిగింది. అమ్మీ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది, పక్కింటి బుజ్జమ్మ తాంబూలం నములుతూ గుమ్మం మీద కూర్చుని ఉంది. అమ్మీ, నువ్వు పట్టు పని చేశావా లేదా అంటే అమ్మీ తల కూడా ఎత్తలేదు. "మైఁ కాఁ కామ్ కరీ, ఘర్‌మేంచ్ థీ న," అంది. నేనెక్కడ పని చేశాను, ఇంట్లోనే కదా ఉన్నాను. మరి చరఖా ఎవరు తిప్పారు అమ్మీ? ఆ ప్రశ్నకు అమ్మీ కంటే ముందు బుజ్జమ్మ నవ్వింది. "ఇంట్లో కూసోని దారం తీసేది కూడా ఒక పనా అమ్మా? పనంటే బయటికి పోయి సేసేది. నేనూ తీసినా ముప్పై ఏండ్లు, మా అత్తా తీసింది, ఈ ఈదిలో తియ్యంది ఎవురు? మొన్న మొన్నటిదాకా తీస్తానే ఉండాము." ఏదో చిన్నపిల్ల తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చెప్పింది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల మాటకు వాళ్ల అర్థం ఉంది, తాను అడగడం చేతకాక అడిగింది.

వాళ్లను అనడానికి తనకు నోరెక్కడిది? తను ఆ ఇంట్లో పుట్టింది. పొయ్యి మీద డేక్సాలో గూళ్లు కుతకుత ఉడుకుతుంటే ఆ కమురు వాసనలో నిద్రపోయింది, ఆ వాసనలో నిద్రలేచింది, బడిలో తన పుస్తకాలు కూడా ఆ వాసనే వేసేవి, పక్కన కూర్చోబోమని ఇద్దరు పిల్లలు సీటు మారారు. అమ్మీ ఎడమచేత్తో మరిగే నీళ్లలోంచి పోగు అందుకునేది, కుడిచేత్తో చరఖా, కాలితో తమ్ముడు ఆమిర్ ఉయ్యాల. అమ్మీ వేళ్ల కొసలు ఎప్పుడూ తెల్లగా నాని, ముడతలుపడి ఉండేవి, రాత్రి తన తల నిమిరితే వెంట్రుకలు ఆ గరుకుకు చిక్కుకునేవి. మరి నాన్న, అబ్బా, ఏం చేసేవాడు? మార్కెట్టులో గూళ్లు వేలం పాడుకుని సైకిలు మీద తెచ్చేవాడు, తీసిన దారం పోయి అమ్మేవాడు. రీలరు కార్డు ఆయన పేరు మీద ఉండేది. అందుకే నూటా పన్నెండు మంది పనివాళ్లలో తొమ్మిదో నంబరు లాల్ అహ్మద్, రీలరు. నలభై మంది మామూలు మనుషుల్లో మూడో నంబరు ఫాతిమున్నీసా, గృహిణి. ఒకే ఇల్లు, ఒకే చరఖా. నవ్వు వచ్చింది నిలోఫర్‌కు, ఏడుపు రావలసిన చోట. ఆ రోజు అమ్మీ చేతికి రబ్బరుపట్టీ కట్టి సూది గుచ్చినప్పుడు రక్తం గొట్టాలు పెట్టుకునే పెట్టె తను ఎక్కడ పెట్టింది? చరఖా బల్ల మీద. కుదురుగా ఉందని, ఎత్తు సరిపోయిందని పెట్టింది. కళ్లెదుట ఉన్నది కనబడకుండా డాక్టరేటు ఎట్లా సంపాదించిందో ఆ అల్లాకే తెలియాలి.

రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు, పూత బాగా ఉంది ఈ ఏడు. మధ్యలో ఎక్కడో ఒక మల్బరీ మడి పచ్చగా వచ్చి పోయింది. నిన్న సాయంత్రం నాగరాజు సారుకు ఫోను చేసింది. తనకు పరిశోధన నేర్పిన గురువు ఆయన, ఆ పేపరు మీద రెండో పేరు ఆయనదే, రిటైరై పలమనేరులో ఇల్లు కట్టుకున్నాడు. అన్నీ ఓపికగా విన్నాడు. అంకెలు మళ్లీ చదవమన్నాడు. నిజంగా పట్టు ముట్టని ఆ పద్నాలుగు మందితోనే లెక్క వేస్తే గీత ముప్పై అయిదుకు దిగుతుందని, ముప్పై అయిదుకూ ఎనభైకీ మధ్యలో ఏమీ లేదని తాము చెప్పి పంపినవాళ్లు ముప్పై ఒక్క మంది ఉన్నారని ఆమె చెబితే, ఆ లెక్క తనూ వేసి సరిచూశాడు. తర్వాత అన్నాడు, "తప్పే అమ్మా. కాదనను. కానీ రేపే యాల? ఎనిమిదేండ్లు ఆగింది, ఎనిమిది దినాలు ఆగదా? ఆ ఉద్యోగం వస్తే నీ చేతికింద పెద్ద ల్యాబు ఉంటుంది, నలభై కాదు నాలుగొందల మందిని పెట్టి సరిగ్గా సేసి సూపిస్తావు. ఇప్పుడు ఉత్తరం పంపితే ఉద్యోగమూ రాదు, ఆ పని సేసే దిక్కూ ఉండదు. తొందరపడి కూసున్న కొమ్మ నరుక్కోవద్దు." చెడ్డవాడైతే కొట్టిపారేయవచ్చు. సారు చెడ్డవాడు కాదు, చెప్పింది పొల్లు కూడా కాదు. రాత్రంతా ఆ మాట పక్కలో పడుకుంది.

పుంగనూరు వచ్చింది. రామప్ప కండువా దులుపుకుని లేచి, "గట్టిగా సెప్పమ్మా, భయపడొద్దు," అని దిగిపోయాడు. ఇక్కడ దిగి పది నిమిషాలు నడిస్తే అమ్మీ. దిగలేదు. అయిదుగురు ఎక్కారు, ఒక బుట్టెడు కనకాంబరాలు ఎక్కాయి, బస్సు మళ్లీ కదిలింది. ఇంకా గంట లోపే. గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. పట్టుగూళ్లను వేడినీళ్లలో. ఎనిమిది రోజులు ఆగితే ఏమవుతుంది? ఎవరూ చావరు. ఆదిలక్ష్మమ్మ ఊపిరితిత్తులు తిరిగి రావు, ఈ రోజు పంపినా అంతే, వచ్చే నెల పంపినా అంతే. మరి ఎందుకింత? నిజం చెప్పాలంటే ఆమెకు ఆ ఉద్యోగం కావాలి. ఏదో త్యాగమూర్తిలాగా వద్దనుకోవడం లేదు, కావాలి, ఆ ల్యాబు తలుపు మీద తన పేరు కావాలి, పుస్తకాల వాసనకు సీటు మారిన ఆ ఇద్దరు పిల్లలూ ఎక్కడున్నా ఆ పేరు చదవాలి. ఆ నాలుగు వందల ముప్పై ఎనిమిదిని ఆమె ప్రేమించింది. మొదటి సైటేషను వచ్చిన రోజు, ఎవరో పోర్చుగీసు పేరున్న మనిషి తన పేరును తప్పు లేకుండా రాసిన ఆ పేజీని అచ్చు తీసి బీరువాలో తమ పెళ్లికాగితం నిఖానామా పక్కన పెట్టుకుంది. అది పోతుందంటే బాధగా ఉంది. చాలా బాధగా ఉంది.

పట్టు పని ఎన్నడూ ఎరగని నలభై మంది మామూలు మనుషుల రక్తం కూడా. చెప్పు, చెప్పెయ్. ఇంకో గంటలో నలుగురి ముందు నిలబడి ఈ వాక్యం పైకి అనాలి. అనకుండా దాటవేస్తే వాళ్లే అడుగుతారు, పోలికకు ఎవరిని తీసుకున్నారు అని, అది ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న. ఎనిమిదేళ్ల కిందట రాసినప్పుడు అది పొరపాటు. శుక్రవారం నుంచి అది పొరపాటు కాదు. సారు చెప్పిన లెక్కలో ఈ ఒక్కటి లేదు. ఆగడం అంటే ఊరికే నోరు మూసుకుని ఆగడం కాదు, ఇవాళ పన్నెండింటికి ఆ అబద్ధాన్ని కొత్తగా, తెలిసి తెలిసి, అమ్మీ ఏమీ పని చేయలేదని తన నోటితో చెప్పి, దాని మీద కుర్చీ సంపాదించడం. అమ్మీ అంటుంది, పోనీలే బేటీ, నేను చెప్పిందే కదా అని. అమ్మీ చెప్పవచ్చు. తనవల్ల కాదు. ఇంత సేపూ ఏదో పెద్ద ధర్మసంకటం అనుకుంది కానీ, చూస్తే ఇది నోరు తిరగడం, తిరగకపోవడం అంతే. తిరగడం లేదు.

ఫోను తీసింది. ఉత్తరం మళ్లీ చదవలేదు, చదివితే ఒక కామా దగ్గర ఆగిపోతానని తెలుసు. పత్రిక సంపాదకుడి చిరునామా ముందే ఉంది, దాని కింద ఇంటర్వ్యూ కమిటీ కార్యదర్శి చిరునామా కూడా చేర్చింది. పంపింది. కిటికీ పక్కనుంచి టమోటా బాక్సుల లారీ ఒకటి పోయింది. సారుకు మెసేజి పెట్టింది, పంపించేశాను సార్ అని. రెండు నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. నా పేరు కూడా పెట్టినావా? లేదు సార్, మీరు వద్దంటారేమోనని. పెట్టమ్మా, పేపరు మీద ఉండాది కదా, దీని మీద యాల ఉండగూడదు. నిలోఫర్ ఆ అక్షరాలు రెండుసార్లు చదివి ముక్కు ఎగబీల్చుకుని, సంపాదకుడికి ఇంకో రెండు ముక్కలు రాసి పంపింది.

ఇక ముప్పై ఒక్క మంది. జాబితా ఫోనులోనే ఉంది, కొందరి నంబర్లు మారి ఉంటాయి, ఇద్దరు పోయారని విన్నది. మొదట ఎవరికో ఆలోచించనక్కర్లేదు. నాలుగు సార్లు మోగాక ఎత్తారు.

"ఎవురు?"

"నేనమ్మా ఆదిలక్ష్మమ్మా, కుప్పం ల్యాబులో నిలోఫర్‌ని."

"సెప్పమ్మా. మళ్లా రక్తం కావాల్నా?"

"కాదమ్మా. ఒక మాట చెప్పల్ల. ఆ పొద్దు నీకేం లేదని రాసిచ్చినా సూడు, అది తప్పు. ఉండాది. ఆ పొద్దే ఉండింది నీకు రోగం. లెక్క నేను తప్పు వేసినా."

అవతల ఒక గిన్నె కిందపెట్టిన శబ్దం వచ్చింది. తిట్టనీ అనుకుంది నిలోఫర్, ఎంత తిట్టినా వినాలని, మధ్యలో సర్దిచెప్పకూడదని పళ్లు బిగించుకుని కూర్చుంది.

"ఆ పొద్దే ఉండిందా?" అంది ఆదిలక్ష్మమ్మ చాలా మెల్లగా.

"ఆ పొద్దే."

"ఫోను పెట్టేయొద్దమ్మా. నీకు పుణ్యముంటుంది, ఒగ నిమిసం పెట్టేయొద్దు." నడుస్తున్న చప్పుడు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని, మళ్లీ నడిచిన చప్పుడు. తలుపు కిర్రుమంది. ఆమె మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది, వణుకుతోంది, కానీ ఏడుపు కాదు. "ఈడ అందురూ ఉండారు. మా ఆయన అంజినప్ప, మా యత్త, నా కూతురు నందిని. నువ్విచ్చిన కాగితం సూపిచ్చి సూపిచ్చి ఎనిమిదేండ్లుగా నన్ను పనిదొంగ అంటాండారమ్మా. కూసుంటే దొంగ, పండుకుంటే దొంగ. దగ్గినా యేసమే అంటారు. డాక్టరే ఏం లేదని రాసినాక నీకేం రోగమే అంటారు. నా కడుపున పుట్టింది కూడా అనింది. ఇప్పుడు రోగం బయటపడినా, ఇది నిన్నమొన్నటిది, ముందంతా యేసమే అంటారు. ఇప్పుడు నాకు సెప్పినావే, అదే మాట ఈళ్లకు సెప్పు. గెట్టిగా పెడతాండా."

బస్సు మదనపల్లె పొలిమేర దాటి గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది. నిలోఫర్ గొంతు సవరించుకుంది.

"అంజినప్పా, నేను రిపోర్టు రాసిచ్చిన దాన్ని మాట్లాడతాండా. మీ ఆడమనిషి ఎనిమిదేండ్లుగా చెప్పిందంతా నిజం. రోగం ఆ పొద్దే ఉండింది. ఆమె దొంగ కాదు, తప్పు నాది."

కనకాంబరాల బుట్ట ఆవిడ తిరిగి చూసింది. ముందు సీట్లోవాళ్లు ఇద్దరు తిరిగి చూశారు. ఫోనులో అంజినప్ప గొంతు సకిలించిన శబ్దం ఒకటి వచ్చి ఆగిపోయింది.

"ఇంగొగసారి సెప్పమ్మా," అంది ఆదిలక్ష్మమ్మ, "మా యత్తకు సరిగ్గా ఇనబళ్లేదు."

నిలోఫర్ ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడి, బస్సంతా వినబడేటట్టు, మళ్లీ మొదటినుంచి చెప్పింది.